ఎక్స్‌ఎఫ్‌సీఈలో కేడీఈ యాప్‌లు వాడకూడదా? ఓక్యులర్ వేసినప్పటి నుంచి ఒకటే లొల్లి

చిక్కడపల్లి_డీటీపీ రాసింది:

అందరికీ నమస్తే. కొంచెం పొడుగు పోస్టు, ఓపిక చేసుకుని చదవండి.

నాది చిక్కడపల్లిలో చిన్న డీటీపీ కొట్టు. శుభలేఖలు, కరపత్రాలు, అప్పుడప్పుడు ఒక కవితా సంపుటి, డిసెంబరులో బుక్ ఫెయిర్ దగ్గరపడితే వరసపెట్టి పుస్తకాలు. కొట్లో కంపోజింగ్ సిస్టం విండోసే, అను ఫాంట్లూ పేజ్‌మేకరూ అన్నీ దాంట్లోనే ఉన్నాయి కాబట్టి దాని జోలికి పోను. రాత్రిళ్లు ఇంట్లో ప్రూఫులు చూసుకోవడానికి మాత్రం సికింద్రాబాద్ సీటీసీలో ఒక సెకండ్‌హ్యాండ్ థింక్‌ప్యాడ్ కొన్నాను. 8 జీబీ ర్యామ్. మా తమ్ముడి ఫ్రెండు అందులో లినక్స్ మింట్ 22 వేసిచ్చాడు, ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి డెస్క్‌టాప్ ఉన్న ఎడిషన్. ఇన్నాళ్లూ ఏ గొడవా లేదు, పాత మెషీనే అయినా పరుగెత్తింది.

రచయితలు పీడీఎఫ్ పంపితే పేజీ మీదే నోట్లు పెట్టి తిప్పి పంపాలి. మింట్‌తో వచ్చే ఎక్స్‌రీడర్‌లో అది నాకు సరిగా కుదరలేదు. ఎవరో ఓక్యులర్ బాగుంటుందన్నారు, అది కేడీఈ అనే ఇంకో డెస్క్‌టాప్ వాళ్ల పీడీఎఫ్ రీడర్. టెర్మినల్‌లో ఇన్‌స్టాల్ కొట్టగానే స్క్రీన్ నిండా పేర్లు దిగాయి, కేఎఫ్5 ఇది, కేఎఫ్5 అది, ఒక్క పీడీఎఫ్ రీడర్‌కి ఇంత బలగమా అని భయపడి ఆపేశా. తర్వాత ఒక యూట్యూబ్ వీడియో కింద కామెంట్‌లో చూసి, రికమెండెడ్ ప్యాకేజీలు వద్దు అనే ఆప్షన్ పెట్టి మళ్లీ కొట్టాను. లిస్టు బాగా తగ్గింది, యాప్ వచ్చింది. పనిలో పని, పక్కపక్కన రెండు ఫోల్డర్లు కనిపిస్తాయంటే కేడీఈ వాళ్ల ఫైల్ మేనేజర్ డాల్ఫిన్ కూడా వేశాను.

ఇక చూడండి. నా థీమ్ మొత్తం డార్క్, ఓక్యులర్ ఒక్కటే తెల్లగా, రాత్రి పదకొండింటికి మొహం మీద టార్చిలైటు వేసినట్టు తెరుచుకుంటుంది. పైన టూల్‌బార్‌లో సగం బటన్లకు బొమ్మల్లేవు, ఖాళీ గళ్లు. ఫైల్ ఓపెన్ కొడితే వచ్చే విండో ఇంకెక్కడిదో, ఎక్స్‌ఎఫ్‌సీఈ ఫైల్ మేనేజర్ తునార్‌లో నేను పక్కన పెట్టుకున్న ఫోల్డర్లు అందులో ఒక్కటీ లేవు. ఫైర్‌ఫాక్స్‌లో డౌన్‌లోడ్ అయిన ఫైలు మీద షో ఇన్ ఫోల్డర్ నొక్కితే తునార్ బదులు డాల్ఫిన్ వస్తోంది. డిఫాల్ట్ అప్లికేషన్స్‌లోకి పోయి తునారే పెట్టాను, అయినా డాల్ఫినే!

ఇవన్నీ ఎలాగో సర్దుకుంటా అనుకున్నా, అసలు దెబ్బ తర్వాత తగిలింది. నోట్‌లో తెలుగు పడట్లేదు. ఐబస్ అని వేరే భాషలు కొట్టడానికి ఉండే ప్రోగ్రాంలో తెలుగు పెట్టుకుని యాపిల్ కీబోర్డు వాడతాను, కొట్లో ఇరవై ఏళ్లుగా వేళ్లకు అలవాటైన లేఔట్ అదే. ఫైర్‌ఫాక్స్‌లో పడుతుంది, లిబ్రేఆఫీస్‌లో పడుతుంది. ఓక్యులర్ నోట్‌లో మాత్రం పసుపు డబ్బా తెరిచి కొడితే ఇంగ్లీషు అక్షరాలే. "దీర్ఘం లేదు" అని రాయబోతే ఏదో పాస్‌వర్డ్ లాంటిది పడింది.

కేడీఈ యాప్ కేడీఈలోనే సరిగా నడుస్తుంది, మెషీన్ మొత్తం మార్చెయ్ అంటున్నాడు తమ్ముడి ఫ్రెండు. నిజమేనా? ఇంకో పుస్తకం ప్రూఫులు శుక్రవారానికి ఇవ్వాలి, ఇప్పుడు ఆపరేటింగ్ సిస్టం మార్చే టైం లేదు.

---

బ్రో_ఫ్లాట్‌ప్యాక్ రాసింది:

అన్నా సింపుల్. ఓక్యులర్ తీసెయ్, ఫ్లాట్‌హబ్ అనే యాప్ స్టోర్ నుంచి ఫ్లాట్‌ప్యాక్ వెయ్. దాని లైబ్రరీలు దాంతోనే వస్తాయి, నీ సిస్టంకి ఏమీ అంటుకోదు. జర నెట్ ఎక్కువ తింటది అంతే.

---

టెర్మినల్_అక్క రాసింది:

చిక్కడపల్లి గారూ, ముందు ఏమీ మార్చకండి. మీ మెషీన్‌లో ఏదీ పాడవలేదు. మీరు చెప్పినవన్నీ కలిపి ఒకటే జబ్బులా కనిపిస్తోంది గానీ నాలుగు వేరు వేరు సంగతులు, ఒక్కోదానికి మందు వేరు.

మొదట ఆ కేడీఈ యాప్ కేడీఈలోనే అన్న మాట. మీ మింట్‌లో వీఎల్‌సీ ఉందా? పాటలూ వీడియోలూ దాంట్లోనే చూస్తుంటారు కదా. వీఎల్‌సీ క్యూటీ అనే టూల్‌కిట్‌తో, అంటే విండోలూ బటన్లూ గీసే లైబ్రరీలతో కట్టింది. కేడీఈ యాప్‌లు నిలబడే పునాది కూడా ఆ క్యూటీయే. ఎక్స్‌ఎఫ్‌సీఈ, జీనోమ్, సినమన్ డెస్క్‌టాప్‌లు ఇవన్నీ జీటీకే అనే ఇంకో టూల్‌కిట్ మీద. మీరు వీఎల్‌సీ తెరిచిన ప్రతిసారీ పరాయి ఇంటి యాప్ నడుపుతూనే ఉన్నారు, మీకు తెలియలేదంతే. అటువైపు కేడీఈ వాడేవాళ్లు కూడా ఫైర్‌ఫాక్స్, ఫొటోలు దిద్దే గింప్ రోజూ తెరుస్తారు, అవి జీటీకేవి. యాప్ నడవడానికి దాని లైబ్రరీలు ఉంటే చాలు, డెస్క్‌టాప్ మొత్తం అక్కర్లేదు. ఓక్యులర్‌కి క్యూటీతో పాటు కేడీఈ వాళ్ల ఫ్రేమ్‌వర్క్స్ అనే లైబ్రరీల గుంపు కూడా కావాలి, మీరు చూసిన కేఎఫ్5 పేర్లు అవే. ఒకసారి దిగితే రేపు కేట్ వేసినా కేడెన్‌లైవ్ వేసినా చాలావరకు అవే పనికొస్తాయి, మళ్లీ అంత లిస్టు రాదు. డిస్క్‌లో కొంచెం చోటు తీసుకుంటాయి, యాప్ మూసేస్తే ర్యామ్‌లో ఉండవు.

ఇప్పుడు మీ లొల్లి. ఆ యూట్యూబ్ కామెంటే సగం కొంప ముంచింది. రికమెండెడ్ అంటే అనవసరం అని కాదు, లేకపోయినా యాప్ తెరుచుకుంటుంది అని మాత్రమే. మీరు వద్దన్నవాటిలో కేడీఈ వాళ్ల బ్రీజ్ థీమ్ ఐకాన్లు పోయి ఉంటాయి, అందుకే బటన్లు ఖాళీ. క్యూటీ యాప్‌లకు జీటీకే డైలాగులు ఇచ్చే ప్యాకేజీ కూడా పోయి ఉంటుంది, అందుకే ఫైల్ ఓపెన్ విండో వేరే ఊరిదిలా ఉంది. పేర్లు పలికినట్టే రాస్తున్నా, టెర్మినల్‌లో ఇంగ్లీషులో కొట్టుకోండి: బ్రీజ్-ఐకాన్-థీమ్, క్యూటీ5-జీటీకే-ప్లాట్‌ఫామ్‌థీమ్. ఈ రెండూ వేసి లాగౌట్ అయి రండి. మీ బుక్‌మార్కులు కనిపించకపోవడానికి కారణం, జీటీకే యాప్‌లు వాటిని ఒక ఫైల్లో రాసుకుంటాయి, కేడీఈ యాప్‌లు ఇంకో ఫైల్లో. ఓపెన్ విండోయే జీటీకేది అయిపోతే మీ ఫోల్డర్లు మళ్లీ కనిపిస్తాయి.

తెలుగు సంగతి. ఐబస్ పెట్టుకున్నప్పుడు డాట్-ప్రొఫైల్ ఫైల్లో ఏదో లైను మీ చేత్తో రాశారా? నా అనుమానం అక్కడే. ఐబస్‌ని వాడుకో అని జీటీకే యాప్‌లకు చెప్పేది జీటీకే_ఐఎం_మాడ్యూల్ అనే వేరియబుల్. క్యూటీ యాప్‌లు దాన్ని చూడనే చూడవు, వాటికి క్యూటీ_ఐఎం_మాడ్యూల్ అని వేరేది ఉంది. టెర్మినల్‌లో ఎకో కొట్టి ఆ రెండో దాని విలువ చూడండి. ఖాళీ లైను వస్తే దొంగ దొరికినట్టే. పక్కన ఐబస్ అని పెట్టి, ఎక్స్‌మాడిఫయర్స్ లైను కూడా ఉందో లేదో చూసుకుని, లాగౌట్ అయి రండి. క్యూటీకి ఐబస్ ప్లగిన్ దాంతోపాటే వస్తుంది కాబట్టి ఇంకేమీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. చేత్తో రాయడం ఇష్టం లేకపోతే మింట్ మెనూలో ఇన్‌పుట్ మెథడ్ అని ఉంటుంది, అక్కడ ఐబస్ ఎంచుకుంటే అన్ని లైన్లూ అదే చూసుకుంటుంది. పాత బ్లాగుల్లో ఒక్క జీటీకే లైనే రాసి వదిలేశారు, జనం దాన్నే కాపీ కొడుతున్నారు.

డాల్ఫిన్ సంగతి రాత్రికి రాస్తా, ఆఫీసు కాల్ ఉంది.

---

పాత_పెంగ్విన్ రాసింది:

క్యూటీ, జీటీకే అని ఈ రెండు కుంపట్లు ఎందుకున్నాయని కొత్తవాళ్లు అడుగుతుంటారు కాబట్టి, పనిలేని ముసలాణ్ణి, చెప్తా. 1996లో మథియాస్ ఎట్రిక్ అనే జర్మన్ కుర్రాడు లినక్స్‌కి ఒక పద్ధతైన డెస్క్‌టాప్ ఉండాలని కేడీఈ మొదలుపెట్టాడు, దానికి క్యూటీని ఎంచుకున్నాడు, అదేమో ట్రోల్‌టెక్ అనే నార్వే కంపెనీది, అప్పట్లో దాని లైసెన్సు పూర్తి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాదు. దాని మీద పెద్ద రగడ. పునాదే మనది కాకపోతే ఇల్లు ఎలా కడతాం అని 1997లో మిగెల్ డి ఇకాజా, ఫెదెరికో మేనా కలిసి జీనోమ్ మొదలుపెట్టారు, అప్పటికే గింప్ కోసం రాసుకున్న జీటీకే ఉంది కాబట్టి దాన్ని పట్టుకున్నారు. 2000లో క్యూటీ జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సు కిందకి వచ్చేసింది, గొడవకి మూలం పోయింది, అప్పటికి ఇళ్లు రెండూ లేచిపోయాయి. తమాషా ఏంటంటే ఏ గింప్ కోసం జీటీకే పుట్టిందో ఆ గింప్ జీటీకే3కి మారింది 2025లో, 3.0 వెర్షన్‌తో. చెప్పులు కుట్టేవాడి పిల్లలకు చెప్పుల్లేనట్టు.

ఒక యాప్ ఇంకో డెస్క్‌టాప్ మెనూలో కనబడటం, ఐకాన్ పేర్లు కలవడం, ఇక్కడ కాపీ చేసింది అక్కడ పేస్ట్ అవడం ఇవన్నీ ఊరికే రాలేదు. 2000లో ఫ్రీడెస్క్‌టాప్ అని మొదలుపెట్టి రెండు వైపుల వాళ్లూ కూర్చుని ఒప్పందాలు రాసుకున్నారు. యాప్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి కేడీఈ తన సొంత డీకాప్ వదిలేసి ఉమ్మడి డీ-బస్‌లోకి వచ్చింది కూడా అలాగే, కేడీఈ 4తో. నేను మ్యాగజైన్‌తో వచ్చిన సీడీ పెట్టి లినక్స్ వేసుకున్న రోజుల్లో ఒక దాంట్లో కాపీ చేసింది ఇంకో దాంట్లో పడితే పండగ.

మరి తెలుగు అక్షరాలు మాత్రం అన్నిచోట్లా ఒకేలా ఎందుకొస్తున్నాయో గమనించారా? క్యూటీ అయినా జీటీకే వైపు పాంగో అయినా, కింద ఒత్తులూ గుణింతాలూ పేర్చే పని చేసేది హార్ఫ్‌బజ్ ఒక్కటే. ఫాంట్లు వెతికేది ఫాంట్‌కాన్ఫిగ్. అందుకే మీకు కీబోర్డులో తేడా వచ్చింది గానీ అక్షరం చెదరలేదు. ఒకప్పుడు క్ష రాస్తే క పక్కన ష పడి మధ్యలో పొల్లు వేలాడేది.

---

రెండు_తాళాలు రాసింది:

నాది రివర్స్ కేసు. గచ్చిబౌలిలో ఉద్యోగం, లాప్‌టాప్‌లో కేడీఈ ప్లాస్మా, అందులో జీనోమ్ వాళ్ల యాప్‌లు. అటునుంచి ఇటు వచ్చినా సుఖమేం లేదని చెప్పడానికి రాస్తున్నా. ఈమధ్య జీనోమ్ యాప్‌లు చాలావరకు లిబ్‌అద్వైత అనే లైబ్రరీ వాడుతున్నాయి, మీరు ఏ థీమ్ పెట్టుకున్నా దానికి లెక్కలేదు, డార్క్ కావాలా లైట్ కావాలా అన్నది మాత్రం వింటుంది. టైటిల్ బార్ స్థానంలో దాని సొంత లావుపాటి పట్టీ ఉంటుంది, బటన్లు అందులోనే. నా ప్లాస్మాలో పక్కపక్కన పెడితే పెళ్లికి ఒకరు పట్టుపంచె ఒకరు ట్రాక్‌సూట్ వేసుకొచ్చినట్టు ఉంటుంది. పని చేయదా అంటే భేషుగ్గా చేస్తుంది.

నాకు నిజంగా చుక్కలు చూపించింది పాస్‌వర్డులు. ఇంతకుముందు నేను కూడా ఎక్స్‌ఎఫ్‌సీఈయే. కేడీఈ నచ్చి, అదే సిస్టంలో కుబుంటు డెస్క్‌టాప్ ప్యాకేజీ మొత్తం వేసేశా. మధ్యలో ఒక స్క్రీన్ వచ్చి లాగిన్ మేనేజర్ లైట్‌డీఎం ఉంచాలా ఎస్‌డీడీఎం పెట్టాలా అని అడిగింది, ఏదో ఒకటి అని ఎంటర్ కొట్టా. తెల్లారి లాగిన్ స్క్రీన్ మారిపోయింది, మెనూలో ప్రతిదీ రెండేసి, రెండు టెర్మినల్స్, రెండు ఫైల్ మేనేజర్లు, రెండు క్యాలిక్యులేటర్లు. ప్లాస్మాలోకి వెళ్లి క్రోమియం తెరిస్తే అన్ని సైట్లూ లాగౌట్, సేవ్ చేసిన పాస్‌వర్డులు ఒక్కటీ లేవు. బ్యాంకు, ఆఫీసు, కరెంటు బిల్లు, అన్నీ! గంటసేపు చెమటలు పట్టాయి. తర్వాత తెలిసింది, పోలేదు, తాళం మారింది. క్రోమియం ఏ డెస్క్‌టాప్‌లో ఉన్నానా అని చూసి, పాస్‌వర్డుల తాళం దాచుకోవడానికి ఎక్స్‌ఎఫ్‌సీఈ లాంటివాటిలో జీనోమ్ కీరింగ్‌నీ, కేడీఈలో కేవాలెట్‌నీ పట్టుకుంటుంది. పాత తాళం కీరింగ్‌లో, నేను నిలబడింది కేవాలెట్ గుమ్మం ముందు. క్రోమియం కమాండ్ చివర పాస్‌వర్డ్-స్టోర్ అనే ఆప్షన్‌కి జీనోమ్-లిబ్‌సీక్రెట్ అని ఇస్తే మళ్లీ అన్నీ తిరిగొచ్చాయి.

కాబట్టి చిక్కడపల్లి అన్నా, యాప్ కావాలంటే యాప్ వేసుకో, డెస్క్‌టాప్ వేసుకోకు. అందులోనూ శుక్రవారం ప్రూఫులు పెట్టుకుని అస్సలు వద్దు.

---

చిక్కడపల్లి_డీటీపీ రాసింది:

అక్కా, మీకు దండం! ఎకో కొడితే ఖాళీ లైనే వచ్చింది. డాట్-ప్రొఫైల్‌లో చూస్తే జీటీకే లైను ఒక్కటే ఉంది, ఏదో బ్లాగు చూసి నేనే పెట్టుకున్నా. మీరు చెప్పినట్టు మెనూలో ఇన్‌పుట్ మెథడ్‌కి వెళ్లి ఐబస్ ఎంచుకుని లాగౌట్ అయి వచ్చా. ఓక్యులర్ తెరిచి ఎఫ్6 కొట్టి, పసుపు నోట్ పెట్టి "ఇక్కడ దీర్ఘం లేదు, రెండో పేరాలో కూడా చూడండి" అని యాపిల్ లేఔట్‌లోనే కొట్టేశా. మొత్తం పడింది. మా ఆవిడ పక్కగదిలోంచి ఏమైంది అని అడిగింది, అంత గట్టిగా అరిచానట.

ఐకాన్లు వచ్చాయి. ఓపెన్ విండో కూడా తునార్ లాగే అయింది, నా ఫోల్డర్లు ఉన్నాయి.

డార్క్ మాత్రం ఇంకా రాలేదు. ఎక్కడో చదివి క్యూటీ యాప్‌ల రంగులు మార్చే క్యూటీ5సీటీ వేసి, వేరియబుల్ పెట్టి, డార్కర్ అనే రంగులు ఎంచుకున్నా. ఇప్పుడు మెనూ నల్లగా, పక్కనున్న పేజీల పట్టీ తెల్లగా, దాని మీద అక్షరాలు కూడా తెల్లగా. ఏమీ కనబడట్లేదు. ఇదివరకు మొత్తం తెలుపైనా కళ్లకు కనిపించేది!

---

టెర్మినల్_అక్క రాసింది:

హహ, సగం నలుపు సగం తెలుపు అందరికీ ఒకసారి తగిలేదే. క్యూటీ5సీటీ క్యూటీ రంగులు మారుస్తుంది. కానీ కేడీఈ యాప్‌లు కొన్ని భాగాలకు రంగులు కేడీఈగ్లోబల్స్ అనే తమ ఫైలు చూసి వేసుకుంటాయి, కేడీఈ లేని మీ సిస్టంలో అది ఖాళీ కాబట్టి అక్కడ వాటి మామూలు తెలుపే. ఇద్దరు పెయింటర్లు ఒకే గోడకు రంగు వేసినట్టు. ఓక్యులర్ సెట్టింగ్స్ మెనూలోనే కలర్ స్కీమ్ ఉంటుంది, అక్కడ బ్రీజ్ డార్క్ ఎంచుకోండి. లిస్టులో అది లేకపోతే బ్రీజ్ స్టైల్ ప్యాకేజీ వేయాలి. ఐకాన్లు నలుపు మీద నలుపు అయిపోతే క్యూటీ5సీటీలో ఐకాన్ థీమ్ కూడా బ్రీజ్ డార్క్ చేయండి. ఆ క్యూటీ5సీటీలోనే స్టాండర్డ్ డైలాగ్స్ అని ఉంటుంది, జీటీకే3 పెట్టుకోండి, లేకపోతే ఇప్పుడు బాగైన ఓపెన్ విండో మళ్లీ పోతుంది. రేపు కేడెన్‌లైవ్ వేసుకుంటే దాని సెట్టింగ్స్‌లో కూడా రంగుల స్కీమ్ ఉంది, బ్రీజ్ ఐకాన్లే వాడు అని బలవంతపెట్టే టిక్కు కూడా ఉంది, వాళ్లు మన బాధ ముందే చూసినట్టున్నారు.

ఇక డాల్ఫిన్. డిఫాల్ట్ మార్చినా ఫైర్‌ఫాక్స్ వినట్లేదన్నారు. ఎందుకంటే షో ఇన్ ఫోల్డర్ నొక్కినప్పుడు ఫైర్‌ఫాక్స్ మీ డిఫాల్ట్ లిస్టు చూడదు. డీ-బస్‌లో ఫైల్‌మేనేజర్1 అనే పేరుతో ఎవరైనా ఉన్నారా అని కేకేస్తుంది. తునారూ డాల్ఫినూ ఇద్దరూ ఆ పేరు నాదే అని రాసిపెట్టుకున్నారు. ఎవరు ముందు పలికితే వాళ్లే వస్తారు, డిఫాల్ట్ అప్లికేషన్స్‌లో మీరు ఏం పెట్టినా దీనికి సంబంధం లేదు. యూఎస్‌ఆర్ కింద షేర్, అందులో డీబస్-1, అందులో సర్వీసెస్ ఫోల్డర్‌లో తునార్ ఫైల్‌మేనేజర్1 సర్వీస్ ఫైలు ఉంటుంది, దాన్ని మీ హోమ్‌లో డాట్-లోకల్, షేర్ కింద అదే వరసలో ఫోల్డర్లు చేసి కాపీ పెడితే హోమ్‌లోదానికే మొదటి మర్యాద.

అసలు రెండు ఫోల్డర్లు పక్కపక్కన కావాలనే కదా డాల్ఫిన్ వేశారు? తునార్ తెరిచి ఎఫ్3 నొక్కండి.

బ్రో_ఫ్లాట్‌ప్యాక్, నీ సలహా తప్పని కాదు. కొత్త వెర్షన్ కావాలంటే నేనూ అదే వాడతా, మింట్ 22 రిపోలో ఉన్నవి క్యూటీ5 కాలంవి, ఫ్లాట్‌హబ్‌లో క్యూటీ6వి దొరుకుతాయి. కానీ ఒక్క ఓక్యులర్ కోసం కేడీఈ రన్‌టైం మొత్తం దించాలి, అది వందల ఎంబీ, ఈయన లిస్టు చూసి భయపడ్డదానికంటే పెద్దది, కనబడదు అంతే. పైగా అది డబ్బాలో ఉంటుంది, బయట పెట్టిన క్యూటీ5సీటీ దాన్ని తాకదు, ఏ ఫోల్డర్ చూడొచ్చో పర్మిషన్లు వేరే.

---

బ్రో_ఫ్లాట్‌ప్యాక్ రాసింది:

సరే అక్కా, ఒప్పుకున్నా 😄 కానీ నా దాంట్లో డిస్క్ 512 జీబీ, నాకేం ఫికర్ లేదు.

---

చిక్కడపల్లి_డీటీపీ రాసింది:

ఎఫ్3 నొక్కా. రెండు పేన్లు వచ్చాయి. ఏడాదిగా ఈ తునార్ నా ముందే ఉంది! డాల్ఫిన్ తీసేశా, ఫైర్‌ఫాక్స్ కూడా దారికొచ్చింది, ఆ సర్వీస్ ఫైలు జోలికి పోవాల్సిన పనే పడలేదు. బ్రీజ్ డార్క్ కూడా కుదిరింది.

ప్రూఫులు ఒకరోజు ముందే, గురువారం రాత్రే పంపేశా. ఇదే పని చేసేవాళ్లు ఎవరైనా చదువుతుంటే రెండు విషయాలు. నోట్లు పెట్టాక ఓక్యులర్‌లో సేవ్ కొట్టి, పంపేముందు ఆ ఫైలు ఇంకో రీడర్‌లో ఒకసారి తెరిచి చూసుకోండి. పసుపు పాపప్ నోట్‌లో తెలుగు రచయిత ఫోన్‌లో కూడా సరిగా కనిపించింది. పేజీ మీదే అక్షరాలు పడే ఇన్‌లైన్ నోట్‌లో మాత్రం నాకు ఒత్తులు విడిపోయాయి, అది వాడటం మానేశా. ఇంకోటి, అను ఫాంట్లతో చేసిన పీడీఎఫ్‌లో తెలుగు మాట పెట్టి వెతికితే ఏ రీడర్‌లోనూ దొరకదు, లోపల ఉన్నది యూనికోడ్ తెలుగు కాదు. ఓక్యులర్‌ని తిట్టకండి, నేను తిట్టా.

చివరగా ఒకటి. కేడీఈ కనెక్ట్ అని ఫోన్‌కీ లాప్‌టాప్‌కీ లంకె వేసేది ఉందట, కస్టమర్లు ఫోన్‌లో చూపించే ఫొటోలు ఇటు లాక్కోవచ్చని వేశా. ఇద్దరూ ఒకే వైఫై, అయినా ఫోన్ కనబడట్లేదు. ఇది కూడా కేడీఈ లేకపోతే నడవనిదేనా, లేక నేనే మళ్లీ ఏదైనా మింగేశానా?

---

రెండు_తాళాలు రాసింది:

నడుస్తుంది అన్నా, నేను ఎక్స్‌ఎఫ్‌సీఈలో రెండేళ్లు వాడా. ఫైర్‌వాల్ ఆన్ చేశావా? చేసి ఉంటే 1714 నుంచి 1764 దాకా పోర్టులు తెరవాలి, టీసీపీ, యూడీపీ రెండూ. పైన పట్టీలో గుర్తు కావాలంటే కేడీఈ కనెక్ట్ ఇండికేటర్ అని మెనూలో ఉంటుంది, దాన్ని లాగిన్ అవగానే మొదలయ్యేవాటిలో పెట్టుకో.

---

చిక్కడపల్లి_డీటీపీ రాసింది:

ఫైర్‌వాలే. తమ్ముడి ఫ్రెండు వేసిచ్చినప్పుడే ఆన్ చేసి పెట్టాడు. పోర్టులు తెరిచా, ఫోన్ కనబడింది. మొదటి ఫొటో వచ్చింది, ఎవరిదో శుభలేఖ, పెళ్లికొడుకు పేరు తప్పు.